లోపలి దీపం

దీపం ఆరిపోయినదని చెప్పడానికి మన పెద్దలకు నోరు రాలేదు. తెలుగు ఇండ్లలో దీపం కొండెక్కుతుంది. హిందీవారి ఇండ్లలో దీపాన్ని ఆర్పరు, 'బఢాతారు'. అనగా పెంచుతారు, ముందుకు సాగనంపుతారు. సాయంకాలం దుకాణం కట్టివేసేటప్పుడు కూడా అక్కడి వర్తకుడు వాడే క్రియ అదే. ముప్పది సంవత్సరాలుగా ఈ రెండు భాషల నడుమ మూటలు మోస్తున్నదానిని గనుక, ఈ రెండు నుడికారాలు నాకు ఎదురుపడినప్పుడల్లా చుట్టాలను చూచినంత సంతోషం కలుగుతుంది. ఒకదానిని మరొకదానిలోకి అనువదించనక్కరలేదు. పక్కపక్కన కూర్చుండబెడితే చాలును. అయితే విద్యుద్దీపానికి ఈ మన్నన దక్కలేదు. బల్బు మాడిపోతుంది, లేదా ఊరకే 'పోతుంది'. హిందీలో 'ఫ్యూజ్' అవుతుంది. దాని కోసం మంగళకరమైన మాట కల్పించాలని ఎవరికీ తోచలేదు. అందులోను కారు లోపల పైకప్పుకు అంటుకొని ఉండే చిన్న బల్బు మాడిపోతే, పోయినదన్న మాట అనడానికి కూడా ఎవరూ పూనుకోరు. నేను ఏడు నెలలపాటు అనలేదు. ఆ ఏడు నెలల మౌనాన్ని గూర్చియే ఈ వ్యాసం.

కారు లోపలి దీపం వింతైన దీపం. బండికి ఉన్న తక్కిన దీపాలన్నీ బయటి లోకంతో వ్యవహరిస్తవి. ముందు దీపాలు దారి చూపుతవి. వెనుక ఎర్ర దీపాలు వెనుక వచ్చేవానికి మన ఉనికి తెలుపుతవి. పక్క దీపాలు మనం ఎటు మళ్లుతున్నామో చెబుతవి. వీటిలో ఏది లేకపోయినా చట్టం అడుగుతుంది. లోపలి దీపం ఒక్కటే, బండిలో కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరు చూచుకోవడానికి ఉన్నది. బండి నడుస్తున్నప్పుడు అది వెలగకూడదు కూడాను. వెలిగితే ముందరి అద్దం దర్పణమై, నడిపేవారికి తమ ముఖం కనిపిస్తుంది గాని దారి కనిపించదు. కనుక దాని ఆయుష్షులో అధికభాగం ఆరి ఉండడంలోనే గడుస్తుంది. తలుపు తెరిచినప్పుడు వెలుగుతుంది, మూసినప్పుడు ఆరుతుంది. ఇంగ్లీషువారు దీనికి 'మర్యాద దీపం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టినారు. ఒకసారి వాహనాలకు సంబంధించిన చిన్న పుస్తకమొకటి హిందీ చేయవలసి వచ్చినప్పుడు, ఈ మాట దగ్గర 'శిష్టాచార్ బత్తీ' అని వ్రాసి, చదువుకొని, నవ్వు వచ్చి కొట్టివేసినాను. 'ఛత్ కీ బత్తీ', పైకప్పు దీపం, అని వ్రాసి పంపినాను. అర్థం చేరినది, మర్యాద దారిలో ఎక్కడో జారిపోయినది. అనువాదంలో ఇది మామూలే.

అప్పుడు నా దగ్గర ఉన్నది ఒకరు వాడి అమ్మిన చిన్న కారు. దాని పైకప్పు దీపంలోనిది పన్నెండు వోల్టుల, అయిదు వాట్ల బల్బు. చిటికెనవ్రేలి కొస అంత గాజుగొట్టం, రెండు కొసలకు రెండు లోహపు టోపీలు, నడుమ వెంట్రుకకన్న సన్నని టంగ్‌స్టన్ తీగచుట్ట. రెండు ఇత్తడి రేకుల మధ్య బిగువుగా నిలిచి ఉంటుంది. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గాని కరగని లోహం. అయినా వెలిగినంతసేపూ అది కొంచెం కొంచెంగా ఆవిరై, గాజు లోపలి గోడకు మసిగా అంటుకొంటూ ఉంటుంది. తీగ ఎక్కడో ఒకచోట పలచబడుతుంది. చల్లారి ఉన్న తీగకు విద్యుత్తును అడ్డగించే శక్తి బహు తక్కువ. వేడెక్కినప్పటి దానిలో పదవవంతు కూడా ఉండదు. అందువల్ల మీట వేసిన మొదటి క్షణంలో ప్రవాహం ఒక్కుమ్మడిగా ఉరుకుతుంది, ఆ పలచని చోటు తట్టుకోలేక తెగిపోతుంది. బల్బులు వెలుగుతూ ఉండగా కంటె వెలిగించబోయినప్పుడే ఎక్కువగా మాడిపోవడానికి కారణం ఇదియే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన లివర్‌మోర్ అనే ఊరిలో, అగ్నిమాపక కేంద్రంలో 1901లో వెలిగించిన బల్బు నూరేండ్లు దాటి వెలుగుతూ వచ్చినది. దానిది కర్బనపు తీగ, వెలుగు కూడా మందం. పైగా దానిని దాదాపు ఎన్నడూ ఆర్పలేదు. ఎల్లప్పుడు వెలిగే దీపానికి ఉన్న సుఖం, పిలిచినప్పుడు మాత్రమే వెలగవలసిన దీపానికి లేదు.

మా బల్బు 2002 జూలైలో పోయినది. వానలో తడిసి వచ్చి తలుపు లాగగానే ఒక్కసారి నీలంగా మెరిసి చీకటైనది. రేపు మార్పిద్దామనుకొన్నాను. ఆ బల్బు ఖరీదు పది రూపాయలు. ఢిల్లీలో కశ్మీరీ గేటు దగ్గర వాహనాల విడిభాగాల బజారు ఎంత పెద్దదో చూచినవారికి చెప్పనక్కరలేదు. నేను పాఠం చెప్పడానికి వెళ్లే దారి అక్కడికి దూరం కాదు. అయినా రేపు ఎల్లుండి అయినది. వానలు వెళ్లి దసరా వచ్చినది. దీపావళి కూడా వచ్చినది. దీపావళినాడు ఇంటి చుట్టూ నలభై ప్రమిదలు వెలిగించి, మరునాడు ఉదయం చీకటి కారులో ఎక్కి కూర్చున్నాను. ఆ విడ్డూరం ఆనాడు నా కంటికి కనిపించలేదు. 'దీపం కింద చీకటి' అని మనమూ అంటాము, 'చిరాగ్ తలే అంధేరా' అని వారూ అంటారు. రెండు భాషలలోను నేర్చుకొన్నంత మాత్రాన సామెత ఒంటబట్టదు.

2003 జనవరిలో ఒక రాత్రి మథుర నుండి ఢిల్లీకి వస్తున్నాము. నాతో మా హిందీ గురువుగారు ఉన్నారు. అప్పటికి ఆయనకు డెబ్బది రెండు ఏండ్లు. యౌవనంలో కాశీలో సంస్కృతం చదివి, తరువాత ఢిల్లీలో జీవితమంతా హిందీ బోధించినవారు. మథురలో ఒక సాహిత్యసభకు పిలిచినారు, నేను తీసుకొనిపోయినాను. తిరుగుదారిలో కోసీ దాటేసరికి మంచు దిగినది. ఉత్తరదేశంలో జనవరి మంచు ఎటువంటిదో దక్షిణదేశపు పాఠకులకు మాటలతో చెప్పడం కష్టం; ముందు దీపాలు వేస్తే ఎదుట తెల్లని గోడ లేస్తుంది, తీసివేస్తే నల్లని గోడ లేస్తుంది. ఎద్దుబండి నడకతో వస్తున్నాము. హోడల్ సమీపిస్తుండగా గురువుగారు ఛాతీ మీద చేయి పెట్టుకొని, "బేటీ, కాస్త ఆపు" అన్నారు.

రోడ్డు దిగి, మూసి ఉన్న ఒక దుకాణం ముందు మట్టిలో ఆపినాను. ఆయన జేబులో రెండు మందుల పట్టీలు ఉన్నవి. ఒకటి గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనేది. రెండవది రాత్రి నిద్రకు వేసుకొనేది. తడిమి చూస్తే రెండూ ఒకటే. ఆయన తీసినారు, వ్రేళ్లు వణికి రెండూ జారి సీట్ల సందున పడినవి. నేను చేయి పైకెత్తి దీపం మీట జరిపినాను. తరువాత తలుపు తెరిచినాను. అప్పటికి ఏడు నెలలుగా అది వెలగదని నాకు తెలుసు. తెలిసి కూడా రెండుసార్లు వెలిగించబోయినాను. బయట మా ముందు దీపాలు రెండూ నిండుగా వెలుగుతూ, పదిగజాల మంచును పట్టపగలు చేస్తున్నవి. ఎవరికీ అక్కరలేని ఆ వెలుగు అంత ధారాళంగా పారుతూ ఉండగా, జానెడు దూరంలో ఉన్న మనిషి ముఖం నాకు కనిపించలేదు. ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తున్నది. ఈనాటివలె వెలుగు ఇచ్చే ఫోను అప్పుడు నా చేతిలో లేదు. ఇద్దరికీ పొగతాగే అలవాటు లేదు గనుక అగ్గిపెట్టె లేదు.

ఎంతసేపు వెదకినానో చెప్పలేను. మూడు నాలుగు నిమిషాలు కావచ్చును. అంతలో వెనుక నుండి ఒక లారీ వచ్చినది. దాని దీపాల వెలుగు వెనుక అద్దంలోనుండి లోపలికి దూసుకొని వచ్చి, సీటు కమ్మీ పక్కన వెండిరేకు తళుక్కుమన్నది. తీసి, ఆ వెలుగు దాటిపోయే లోపల అక్షరాలు చదివి, మాత్ర చిదిమి ఇచ్చినాను. పావుగంట తరువాత ఆయన, "చలో" అన్నారు. ఇంటికి చేరేదాకా సూరదాసును గూర్చి మాట్లాడినారు. దీపం మాట ఎత్తలేదు.

ఆయన ఆ తరువాత పదకొండేండ్లు బ్రతికినారు. కనుక ఇది విషాదగాథ కాదు. నన్ను వేధించిన ప్రశ్న కూడా అక్కడనే పుట్టినది. ఏ హానీ జరగనప్పుడు, నేను చేయని పని తప్పు అవుతుందా?

వారం తరువాత ఆయనే మా ఇంటికి వచ్చినారు. చేతిలో ఒక కవరు ఉన్నది. దాని మీద తన గుండ్రని నాగరి లిపిలో 'గాడీ కీ బత్తీ' అని వ్రాసి ఉన్నది. ఆ ముసలాయన బస్సెక్కి కశ్మీరీ గేటు పోయి బల్బు కొని తెచ్చినారు. నాకు తలకొట్టేసినట్లయినది. టీ ఇచ్చి, ఎదుట కూర్చుండి, "గురూజీ, ఆ రాత్రి మీకు ఏమైనా అయి ఉంటే దోషం నాదే" అన్నాను. ఆయన నవ్వి, "ఏమీ కాలేదు కదా బేటీ! జరగనిదానికి కర్తను వెదుకుతావా?" అన్నారు. ఇక ఆయనలోని కాశీ విద్యార్థి మేలుకొన్నాడు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. మీమాంసకులు నిత్యకర్మలని కొన్నింటిని చెప్పినారు. అవి చేస్తే స్వర్గమూ రాదు, సొమ్మూ రాదు; చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అనగా దోషం, చుట్టుకొంటుందని పలువురి మతం. పైకి చూస్తే కారులో బల్బు మార్చడం అచ్చంగా ఈ కోవలోనిదే. మార్చినవారిని ఎవరూ మెచ్చుకోరు, వెలిగే దీపాన్ని ఎవరూ గమనించరు. మార్చకపోతే ఒకనాడు ఎవరికో కీడు కలుగుతుంది. అయితే శంకరాచార్యులు ఈ వాదాన్ని అంగీకరించలేదు. చేయకపోవడమంటే అభావం. లేనిదానినుండి ఉన్నది ఎట్లు పుడుతుంది? పాపమనేది ఒకటి ఉన్నదంటే దానికి ఉన్నదేదో కారణం కావలెను గాని, లేకపోవడం కారణం కాజాలదు. గీతాభాష్యంలోను, తైత్తిరీయోపనిషద్భాష్యంలోను ఆయన ఈ మాట ఎత్తినారు. "కనుక హాయిగా నిద్రపో" అన్నారు గురువుగారు.

నాకు నిద్ర రాలేదు. అభావం నుండి ఏమీ పుట్టకపోతే, హోడల్ దగ్గరి ఆ నాలుగు నిమిషాలు ఎక్కడనుండి పుట్టినవి?

చీకటిని గూర్చి కూడా మన తార్కికులు ఇటువంటి తగవే పడినారు. వైశేషికులు ద్రవ్యాలు తొమ్మిది అన్నారు. కుమారిలభట్టు సంప్రదాయంవారు, మరి చీకటి మాట ఏమిటి, నల్లగా కనిపిస్తున్నది, కదులుతున్నది, అదీ ఒక ద్రవ్యమే అన్నారు. కాదు, అది వెలుగు లేకపోవడమే, వేరే వస్తువు కాదు అని నైయాయికుల సమాధానం. తర్కం నేర్చుకొనే పిల్లలందరూ మొదట పట్టే తర్కసంగ్రహాన్ని వ్రాసిన అన్నంభట్టు మన తెలుగువాడని ప్రతీతి. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని పండితులలో నానుడి. ఆయన తన గ్రంథానికి తానే వ్యాఖ్య వ్రాసి, అందులో చీకటి ద్రవ్యమన్న వాదాన్ని ఖండించినాడు. ఆ వ్యాఖ్య పేరు దీపిక. ఈ పేరు తలచుకొన్నప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది. అన్నంభట్టు మీద ఎంత అభిమానమున్నా, ఆ రాత్రి కారులో ఎవరైనా నన్ను అడిగి ఉంటే కుమారిలుని పక్షానే చేయి ఎత్తేదానిని. చీకటి ఒక వస్తువువలె, తడిగొంగడివలె, మా ఇద్దరి మీద పడి ఉన్నది.

కొన్ని నెలలు ఆలోచించి నేను ఒక జవాబు చేసుకొన్నాను. బల్బు మార్చకపోవడం అభావం కాదు. అభావమైతే నాకు తెలియకుండా జరిగి ఉండవలెను. బల్బు పోయిన సంగతి ఎరుగనివాని విషయంలో ఆ మాట చెల్లుతుంది. నేను ప్రతి సాయంకాలం తలుపు తెరిచినాను, చీకటిని చూచినాను, 'రేపు' అనుకొన్నాను. ఆ 'రేపు' ఒక చర్య. మనస్సు చేసిన, పూర్తిగా భావరూపమైన చర్య. ఏడు నెలలలో అటువంటి నిర్ణయాలు ఇంచుమించు రెండువందలు చేసినాను. ఒక్కొక్కటి ఎంత చిన్నదంటే, విడిగా పట్టి చూపడానికి దొరకదు. రెండువందలూ కలిస్తే ఒక ముసలివాని ఊపిరికి అడ్డుపడినవి. చేయని పనిలో దోషాన్ని వెదికితే దొరకదు; అది వాయిదా వేసిన మాటలలో ఉన్నది.

ఈ మాట గురువుగారికి చెప్పినప్పుడు ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "శంకరులను ఓడించినాననుకొంటున్నావు. నీవు పోయి ఆయన పక్షానే నిలిచినావు. అభావం నుండి పాపం పుట్టదని ఆయనా అన్నారు, నీవూ అంటున్నావు" అన్నారు. నిజమే. అయితే ఆయన అభావమని చూపించి నన్ను విడిచిపెట్టబోయినారు. అది భావమని తేల్చుకొని నేను పట్టుబడినాను. వాదంలో గెలిచి వ్యవహారంలో ఓడిపోవడం నాకు అదే మొదటిసారి కాదు.

ఇక లారీ సంగతి. అది రాకపోతే ఏమయ్యేదో ఊహించడం సులభం. వచ్చినందువల్ల నా దోషం తగ్గినదా? తర్కం తగ్గలేదంటుంది, నా రెండువందల 'రేపు'లూ లారీ రాకముందే జరిగిపోయినవి, దాని రాకపోకలతో వాటికి సంబంధం లేదు. అయినా ఒక సంగతి దాచను. లారీ రాకుండా ఉంటే నేను ఈ వ్యాసాన్ని ఇంత నిబ్బరంగా, మధ్యమధ్య నుడికారాలు ఎంచుకొంటూ, వ్రాయగలిగేదానిని కాను. అసలు వ్రాసేదానిని కాను. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరికి లారీ వస్తుంది, మరొకరికి రాదు. మొదటివారు వ్యాసం వ్రాస్తారు. రెండవవారు జన్మాంతం మౌనంగా ఉంటారు. వారిద్దరినీ ఒకే త్రాసులో తూచాలని బుద్ధి చెబుతుంది. లోకం ఎన్నడూ అట్లు తూచలేదు, నా మనస్సు కూడా తూచడం లేదు. ఈ చిక్కు నేను విప్పలేకపోయినాను.

దీనికి ఎదురుగా చెప్పదగినది కూడా ఉన్నది. కారులో బల్బులు ఎన్ని! సంఖ్యాఫలకం మీద ఒకటి, గడియారం వెనుక ఒకటి, సామాను పెట్టుకొనే చోట ఒకటి. కారుకు అవతల ఇల్లు, ఇంటికి అవతల వీధి. ప్రతి చిన్న లోపాన్ని ఆనాడే సవరించాలంటే బ్రతుకు సవరింపులకే చాలదు. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయన కారులో మాడిన బల్బు ఒక్క పూట కూడా నిలవదు. ఆదివారం ఆదివారం ఇత్తడి రేకుల చిలుము కూడా గీకేవారు. ఆ కారులోకి ఆయన ఎవరినీ ఎక్కించుకొన్న పాపాన పోలేదు, కుర్చీలు మాసిపోతవని. ఆ దీపం వెలిగినప్పుడల్లా ఖాళీ కుర్చీలను చూపేది. కనుక ఊరకే శ్రద్ధ అన్నది చాలదు. ఛాదస్తం కూడా శ్రద్ధ వేషంలోనే తిరుగుతుంది.

నేను వేరొక గీటురాయి పెట్టుకొన్నాను. అది సరియైనదని పట్టుబట్టను. ముందు దీపం మాడిపోతే నేను ఆ రాత్రే మార్పిస్తాను, ఎందుకంటే గుంతలో పడేది నేను. పైకప్పు దీపం నాకు ఎన్నడూ అక్కరపడలేదు. నడిపేవారి చేతులకు కారులోని ప్రతి మీటా చీకటిలోనే తెలుసు. అది అక్కరపడేది వెనుక కూర్చున్న పిల్లలకు, చెప్పు వెదుక్కొనే ముసలమ్మకు, చిల్లర లెక్కపెట్టుకొనే పనిమనిషికి, మందుపట్టీ చదువుకోవలసిన రోగికి. వారిలో ఎవరూ నన్ను 'బల్బు ఎందుకు వేయించలేదు' అని అడగరు. బండి నాది, వారు ఎక్కినవారు. అడగడం మర్యాద కాదనుకొంటారు. అడిగేవారు లేని బాకీ అది. అటువంటి బాకీలనే మనం ఎక్కువకాలం ఎగవేస్తామని నా అనుభవం.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పి ముందుకు పోతాను. కారు లోపల ఏమి జరుగుతున్నదో బయటివారికి కనిపించాలా అన్నది ఇంటి ప్రశ్నగా మాత్రమే మిగలలేదు. 2012 ఏప్రిల్ 27న సర్వోన్నత న్యాయస్థానం కార్ల అద్దాలకు నల్లని పొరలు అంటించడాన్ని నిషేధించినది. ఆ సంవత్సరమే డిసెంబరులో ఢిల్లీలో, తెరలు దించి తిరుగుతున్న ఒక బస్సులో జరిగిన ఘోరాన్ని మరల వర్ణించవలసిన పని లేదు. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం చెప్పిన చర్యలలో, రాత్రిపూట నడిచే బస్సులలో లోపలి దీపాలు వెలుగుతూ ఉండాలన్నది ఒకటి. అంతవరకు నేను ఆ దీపాన్ని సౌకర్యమనుకొన్నాను. అది సాక్షి కూడా. ఆ నెలలలో, రాత్రి ఒంటరిగా అద్దెకారు ఎక్కే ఆడపిల్లలు తలుపు తెరవగానే పైకి చూడడం నేను గమనించినాను. నేను కూడా చూచేదానిని. దీపం వెలగకపోతే, బల్బు మాడినదో, మాడ్చినారో తెలియదు. బండివాడు ఎంత మంచివాడైనా కావచ్చును. అతని పది రూపాయల బద్ధకం, ఎక్కిన మనిషికి ఇల్లు చేరేదాకా భయమై కూర్చుంటుంది.

బల్బు మార్చడం ఎంత సులువో ఇక్కడ చెప్పకపోతే నా అపరాధం కొలత పాఠకులకు అందదు. మీట ఆపివేసి, బల్బు వేడిగా ఉంటే చల్లారనివ్వాలి. పాలరంగు మూత అంచున చిన్న గాడి ఉంటుంది. స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి అక్కడ పెట్టి మెల్లగా ఎత్తితే మూత ఊడి వస్తుంది. ఒక కొసను రేకు వైపు నొక్కి పాత బల్బును తీయాలి, కొత్తదానిని అట్లే కూర్చుండబెట్టాలి. రేకులు వదులైతే కొంచెం లోపలికి వంచాలి. అప్పటికీ వెలగకపోతే ఫ్యూజు చూడాలి, తరువాత తలుపు చట్రంలో రబ్బరు తొడుగు వేసి ఉండే బొడిపెను చూడాలి. వానకాలంలో అక్కడ తుప్పు పడుతుంది. కొనేటప్పుడు పాత బల్బును వెంట తీసుకొనిపోవడం మంచిది, పొడవులో రకాలు ఉన్నవి గనుక. మొత్తం అయిదు నిమిషాల పని. ఏడు నెలలు నేను తప్పించుకొని తిరిగినది ఈ అయిదు నిమిషాలనుండి.

ఇప్పుడు ఆ గాజు బల్బులకు బదులు ఎల్.ఇ.డి.లు వచ్చినవి. అయిదు వాట్లకు బదులు ఒక్క వాటు చాలును, ఏండ్లు మన్నుతవి. వెలగకపోతే కొసలు మార్చి పెడితే వెలుగుతుంది, దానికి తల తోక ఉన్నవి గనుక. వాటి తెల్లదనంలో మనుష్యుల ముఖాలు కొంచెం పాలిపోయి కనిపిస్తవి, అలవాటయినది. ఫోనులోనే దీపం ఉండగా పైకప్పు దీపం ఎందుకని మా మేనల్లుడు అడుగుతాడు. నిజమే, ఆ రాత్రి అటువంటి ఫోను ఉంటే ఇంత కథ లేదు. కాని ఫోనుదీపం పట్టుకోవడానికి ఒక చేయి కావాలి. రోగిని ఒక చేత పట్టుకొని, రెండవ చేత మాత్ర చిదమవలసినవారికి మూడవ చేయి ఎక్కడిది? అదీగాక అది అడిగితే వెలిగే దీపం. పైకప్పు దీపం తలుపు తెరిచినంతనే, ఎవరు వచ్చినారని అడగకుండా వెలుగుతుంది. ఇంగ్లీషువారి పేరులోని మర్యాద, నా అనువాదంలో జారిపోయినది, బహుశః ఇదే అయి ఉంటుంది.

నేను బాగుపడినానని ఎవరూ అనుకోవద్దు. 2005లో ఆ దీపం మరల మాడిపోయినది. మూడు వారాలు ఊరుకొన్నాను. ఏడు నెలల నుండి మూడు వారాలకు దిగినాను, అంతే. నాలుగవ వారంలో మార్చడానికి కూడా కారణం వివేకం కాదు. సాయంకాలం గురువుగారిని వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవలసి ఉన్నది.

ఆయన తెచ్చిన కవరు మాట మిగిలిపోయినది. ఆ రోజు టీ త్రాగి ఇద్దరమూ కారు దగ్గరకు దిగినాము. నేను మూత ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టినాను. ఆయన బల్బును కవరులోనుండి తీసి, కళ్లజోడు సవరించుకొని, అందించినారు. అది పట్టలేదు. మా దీపంలో రేకుల నడుమ చోటు 31 మిల్లీమీటర్లు. ఆయన తెచ్చినది 41 మిల్లీమీటర్లది. "కొలతలు ఉంటవని ఎవరు చెప్పినారు?" అని ఆయన విసుగుకొన్నారు. అప్పుడే ఇద్దరమూ కశ్మీరీ గేటుకు పోయి సరియైనది కొని వేసినాము. తలుపు నాలుగుసార్లు తీసి మూసి, వెలుగుతున్నదో లేదో ఆయనే చూచినారు.

పెద్ద బల్బు కవరుతో సహా నా బల్ల సొరుగులో ఉన్నది. 'బత్తీ' అన్నమాట దగ్గర నేను తరచు ఆగిపోతాను. మన 'వత్తి', వారి 'బత్తీ' ఒకే సంస్కృతపు మాట బిడ్డలు. మనకు నూనెలో వేసే వత్తిగానే నిలిచిపోయినది, వారికి ఎదిగి దీపమైనది, బల్బు కూడా అయినది. కవరు అంచులు పసుపుబారినవి, సిరా కొంచెం వెలిసినది. గురువుగారు 2014లో పోయినారు. మొన్న సొరుగు సర్దుతూ ఆ బల్బును తీసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినాను. గాజు మీద మసి లేదు. తీగ తెగలేదు.